బడి పిల్లలను ప్రజాప్రతినిధితోని ముచ్చట పెట్టియ్యాలంటే ఏమేం చెయ్యాలె: మొదటి ఉత్తరం నుంచి నోట్‌బుక్ దాకా

గ్రేటర్ వరంగల్‌ల కలిసిన ఒక పాత ఊర్ల, సర్కారు హైస్కూల్ల నేను సోషల్ చెప్త. సర్పంచ్ విధులు ఏంటివి అంటే మా పిల్లలు గడగడ అప్పజెప్తరు, అదే మన డివిజన్ కార్పొరేటర్ ఎవరు అంటే ఒకల మొఖం ఒకలు చూసుకుంటరు. అందుకే కొన్నేండ్లసంది ఏడాదికి ఒక్కసారన్న ఒక ప్రజాప్రతినిధిని బడికి పిలిచి, పిల్లలతోని కలిసి కూసోవెట్టి, ప్రజాసేవ అంటే ఏందో వాళ్ల నోటితోనే చెప్పిస్తున్న. వేరే బడుల టీచర్లు, కొందరు తల్లిదండ్రులు ఎట్ల చేస్తున్నరు సారూ అని అడుగుతనే ఉంటరు, ఒకలకు ఫోన్ల చెప్తే ఇంకొకలకు మళ్ల చెప్పాల్సి వస్తుంది కాబట్టి మొత్తం వరుసగ రాస్తున్న.

ముందే ఒక్కటి చెప్త. ఇది సభ కాదు, సన్మానం అంతకన్నా కాదు. పిల్లలు తమ కండ్లతోని చూసినదాని గురించి అడగాలె, వచ్చినాయన చెప్పింది రాసుకోవాలె, నెల తర్వాత ఆ రాసుకున్నది పట్టుకొని మళ్ల అడగాలె. మొదటి రెండు చేసి మూడోది వదిలేస్తే ఫోటో తప్ప ఏం మిగలదు.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇవేవీ తెల్వదు. అప్పుడు వేరే బడిల ఉన్న. ఒక పెద్ద నాయకుణ్ని పిలిచినం, పదిన్నరకు వస్తనన్న మనిషి పన్నెండు దాటినంక వచ్చిండు, పిల్లలు గంటన్నర ఎండల రెండు లైన్లు కట్టి నిలబడ్డరు, ఒక ఆరో తరగతి పిలగాడు కండ్లు తిరిగి కూలవడ్డడు. దండలు, శాలువాలు, కోలాటం, ఇరవై నిమిషాల ప్రసంగం అయినంక మేము రాసిచ్చిన ప్రశ్న ఒక పిల్ల చదివింది, ఆయన శభాష్ అన్నడు, కారెక్కిండు. ఆ పిలగాని మొఖం మీద నీళ్లు చల్లుకుంట నేను అనుకున్నది నాకు ఇప్పటికీ యాదికుంది: ఇట్ల మాత్రం ఇంకోసారి చెయ్యొద్దు.

ఎవర్ని పిలవాలె

అందరికీ ముందు ఎమ్మెల్యేనే మనసుల కొస్తడు. నా మాట వినున్రి, మొదటిసారి ఎమ్మెల్యే దాకా పోకున్రి. రాష్ట్రం మొత్తం మీద ఉన్నది 119 మంది, ఒక్కొక్కరికి లక్షల మంది ఓటర్లు, టైం దొరకదు, దొరికినా వెనక పది బండ్లు వస్తయి. ఊర్లయితే వార్డు మెంబర్ లేకపోతే సర్పంచ్, టౌన్లయితే కౌన్సిలర్, వరంగల్ హన్మకొండ కాజీపేటలయితే కార్పొరేటర్. మన కార్పొరేషన్ల 66 డివిజన్లున్నయి, బడి ఏ డివిజన్ల ఉందో ముందు అది తేల్చుకోవాలె, ఎందుకంటే రోడ్డు దాటితే వేరే డివిజన్ అయ్యే జాగలు మస్తున్నయి. పిల్లలకు దగ్గరి మనిషి కావాలె, రేపు కిరాణ కొట్టు కాడ కనిపిస్తే మేడం మాకు చెప్పిన పని ఏమైంది అని అడిగేటట్టు ఉండాలె.

ఎవరి చేతుల ఏముందో టీచర్‌కు ముందు తెలిసి ఉండాలె. మోరీలు, చెత్త, వీధి లైట్లు, నల్లా ఇవి స్థానిక సంస్థల పని. చట్టం చేసేది ఎమ్మెల్యేలు, ఎంపీలు. మన రాష్ట్రం నుంచి లోక్‌సభల 17 మంది ఎంపీలుంటరు, ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధులు అని అందరు అంటరు కానీ ఆ పైసలు ఎంపీ చేతికి రావు, ఆయన ఫలానా పని చెయ్యున్రి అని సిఫారసు చేస్తడు, ఖర్చు అయ్యేది జిల్లా యంత్రాంగం ద్వారా. ఇది తెల్వకుంటే పిల్లలు కార్పొరేటర్‌ను రైల్వే బ్రిడ్జి అడుగుతరు, ఎంపీని మోరీ అడుగుతరు, ఇద్దరూ చూస్తం బాబూ అనుకుంట పోతరు.

ఇక్కడ ఇంకో ముచ్చట ఉంది, జర మొహమాటం లేకుంట చెప్పాలె. మన రాష్ట్రంల స్థానిక సంస్థలల్ల సగం సీట్లు ఆడోళ్లవి. అయినా సర్పంచమ్మను పిలిస్తే చాలాసార్లు ఆమె భర్త బండి దిగుతడు, ఆమెకు పని ఉంది నేను మాట్లాడుత అంటడు. ఉత్తరంల ఆమె పేరే రాయాలె, ఫోన్ ఆమెతోనే మాట్లాడాలె, పిల్లలు మీకోసమే ఎదురుచూస్తున్నరమ్మా అని చెప్పాలె. ఒకసారి మాకు ఇట్లనే అయితే, మీరు కూడా కూసోన్రి అన్నా, వెనక వరుసల కుర్చీ వేసినం అని మర్యాదగ చెప్పి, పిల్లల నడుమ ఉన్న కుర్చీ ఆమె కోసం ఖాళీగ ఉంచినం. ఇరవై నిమిషాలకు ఆమె వచ్చింది. మొదట గొంతు వణికింది, తర్వాత పెన్షన్ ఆగిపోయిన ఒక ముసలవ్వ కోసం మండలాఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పుకుంట పోతే మా ఆడపిల్లలు కదలకుంట విన్నరు. ఆ రోజు ఆ కుర్చీల ఆయన కూసుంటే ఆ పిల్లలకు ఏం తెలిసేది?

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఎవ్వర్నీ పిలవొద్దు, వార్డు మెంబర్‌ను కూడా. పదవీకాలం అయిపోయి ఎన్నికలు కాకుంటే స్పెషల్ ఆఫీసర్ల పాలన నడుస్తది, 2024 ఫిబ్రవరి నుంచి ఊర్లల్ల చూసినం గదా, అట్లాంటప్పుడు మాజీ సర్పంచ్‌ను పిలిచినా మంచిదే, దిగిపోయిన మనిషి ఉన్నదున్నట్టు చెప్తడు.

పర్మిషన్, తేదీ, ఉత్తరం

హెచ్‌ఎం సారుతోని, బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతోని ముందే మాట్లాడాలె. తల్లిదండ్రులకు చీటి పంపాలె, పిల్లల ఫోటోలు తీస్తే ఎక్కడా పెట్టం అని, పెట్టాల్సి వస్తే అడిగే పెడతం అని అండ్ల రాయాలె. ఒక పార్టీ మనిషిని పిలుస్తున్నరు అని ఎవరన్న అంటే వచ్చే ఏడు ఇంకో పార్టీ వాళ్లను పిలుస్తం అని చెప్పి, నిజంగనే పిలవాలె.

తేదీ విషయంల నేను నేర్చుకున్నది ఏందంటే, పంతులు క్యాలెండర్ చూడాలె. గట్టి ముహూర్తాలున్న రోజు నాయకులు పొద్దుగాల నుంచి రాత్రి దాకా పెండ్లిండ్లల్లనే ఉంటరు. అసెంబ్లీ నడిచేటప్పుడు ఎమ్మెల్యే హైదరాబాద్‌ల ఉంటడు. రెండేండ్లకోసారి మేడారం జాతర వచ్చే రోజులల్ల ములుగు, భూపాలపల్లి దిక్కు ఎవ్వరూ దొరకరు, బతుకమ్మ తొమ్మిది రోజులు కూడా అంతే. పరీక్షల ముందు వద్దు. ఎండకాలం ఒంటిపూట బడులప్పుడు అసలే వద్దు. నాకైతే ఆగస్టు, నవంబర్ బాగనిపిస్తయి. సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం, ఆ వారంల పెట్టుకున్నా బాగుంటది. ఆయన కవి అని పిల్లలకు తెలుసు, 1958 నుంచి రెండేండ్లు శాసనమండలి సభ్యుడిగ కూడా ఉన్నడని తెల్వదు. అట్లనే పీవీ గారు మన వంగర పిలగాడే, 1957ల మంథని నుంచి మొదటిసారి ఎమ్మెల్యే అయ్యి 1991ల ప్రధాని దాకా పోయిండు. ఇట్లాంటివి రెండు చెప్తే ప్రజాప్రతినిధులు ఎక్కడి నుంచో దిగిరారు, మన అసొంటి ఊర్ల నుంచే వస్తరు అని పిల్లలకు ఎక్కుతది.

ఉత్తరం పదిహేను రోజుల ముందు ఇయ్యాలె, వాట్సాప్‌ల కాదు, కాయితం మీద, ఇద్దరు పిల్లలను తీస్కపోయి చేతికి ఇప్పియ్యాలె. మేము రాసేది ఇట్ల ఉంటది:

"గౌరవనీయులైన కార్పొరేటర్ గారికి, మా పాఠశాల ఏడవ తరగతి విద్యార్థులు 28 మంది మీతో 40 నిమిషాలు మాట్లాడాలని కోరుకుంటున్నారు. మీరు రోజూ చేసే పని గురించి, ప్రజాసేవలో ఉండే కష్టం గురించి, మా వాడకు సంబంధించిన కొన్ని విషయాల గురించి అడుగుతారు. వేదిక, దండలు, సన్మానం ఉండవు. పిల్లలతో కలిసి గుండ్రంగా కూర్చుంటారు. కింద మూడు తేదీలు రాశాము. మీకు వీలైన తేదీ తెలియజేయగలరు."

దండలు ఉండవు అన్న మాట ముందే రాస్తే ఎవ్వరూ ఏమనుకోరు, ఇంకా నయం అనుకునేటోళ్లే ఎక్కువ. ప్రశ్నలు ముందే పంపున్రి అని పీఏ అడుగుతడు. విషయాలు చెప్పొచ్చు, నీళ్లు, మొక్కలు, మోరీలు అని. ప్రశ్నలు మాత్రం ఇయ్యొద్దు.

ముందు వాడ తిరగాలె

నాకు అన్నిట్లకంటే ఇష్టమైన పని ఇది. ముచ్చట పెట్టే ముందు వారం, రెండు పీరియడ్లు తీసుకొని పిల్లలను బడి చుట్టూ తిప్పాలె. నలుగురికి ఒక నోట్‌బుక్. ఒక గుంపు వీధి లైట్లు లెక్కపెడతది, ఒక గుంపు మోరీలు చూస్తది, ఒకటి నల్లాలు, ఒకటి మొక్కలు. బాగాలేదు, చెడిపోయింది అని రాస్తే ఒప్పుకోవద్దు, ఎన్ని, ఎక్కడ, ఎన్ని రోజులసంది అని రాయాలె.

మొక్కల ముచ్చట చెప్త. 2018 పంచాయతీరాజ్ చట్టంల, 2019 మున్సిపల్ చట్టంల నాటిన మొక్కలల్ల 85 శాతం బతకాలె అని ఉంది, అది చూసే బాధ్యత ప్రజాప్రతినిధి మీద కూడా పెట్టిన్రు. ఇది పిల్లలకు చెప్పి బడి గేటు నుంచి బొడ్రాయి దాకా పంపిన. ట్రీగార్డులు 40 ఉన్నయి, అండ్ల బతికిన మొక్కలు 23. లెక్కల సారు దగ్గరికి పోయి శాతం తీసిన్రు, 57న్నర వచ్చింది. ఇంక ఆ ప్రశ్న ఎట్ల అడగాలె అని నేను నేర్పే అవసరమే పడలేదు.

2023 జులై వానలు మన దిక్కు పిల్లలకు బాగ యాదికున్నయి, హన్మకొండల నయీంనగర్ నాలా పొంగింది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మొత్తం మునిగింది. నాలా పక్కన ఉండే పిల్లలుంటే నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో గోడ మీద చూపించమనున్రి, టేపు పెట్టి కొలవమనున్రి. మునిగిన ఇంటి పిల్ల చెప్పే మాటకు ఉన్న బలం ఏ పాఠంల ఉండదు. కానీ ఆ పిల్లకు చెప్పబుద్ధి అయితేనే, బలవంతం వద్దు.

ప్రశ్నలు పిల్లలవే ఉండాలె

ఒక డబ్బా పెట్టి చీటీలు ఏయమనున్రి. పేరు రాయకున్నా పర్వాలేదు. తర్వాత అందరు కలిసి చదివి మూడు కుప్పలు చెయ్యాలె: మనిషి గురించి, పని గురించి, మన వాడ గురించి. మనిషి గురించి అంటే, మీరు మొదటిసారి ఓడిపోయినప్పుడు ఇంట్ల ఏమన్నరు, నిన్న పొద్దుగాల నుంచి రాత్రి దాకా ఏమేం చేసిన్రు ఇట్లాంటివి. పని గురించి అంటే, మీరు వద్దన్నా మీటింగ్‌ల పాసయిన పని ఏదన్న ఉందా, ఒకల పని చేస్తే ఇంకొకలకు నష్టం అయ్యేటట్టు ఉంటే ఏం చేస్తరు అని. ఈ ఆఖరుదాన్ని ఒక ఎనిమిదో తరగతి పిలగాడు రాసిండు, నేను ఇరవై ఏండ్లు సోషల్ చెప్పినా నాకు తట్టలేదు.

మన ఊరి అభివృద్ధికి మీరు ఏం చేస్తరు అన్న ప్రశ్న అస్సలు పెట్టకున్రి, అది ప్రసంగానికి పిలుపు. దాని బదులు, మా బడి ముందు మోరీ మీద మూత లేదు, ఆగస్టుల ఒక చిన్న పాప పడ్డది, ఆ మూత ఎవరు వేయాలె, దానికి ఎన్ని సంతకాలు కావాలె అని అడిగితే జవాబు దొర్లిపోదు.

నా తప్పు ఒకటి చెప్పాలె. మూడేండ్ల కింద ఒక ఏడో తరగతి పిల్ల చీటీల ఇట్ల రాసింది: మా దిక్కు నల్లా పొద్దుగాల నాలుగ్గంటలకు ఎందుకు వస్తది. ఇది చిన్న ప్రశ్న అని పక్కకు పెట్టిన. ముచ్చట రోజు ఆఖరుకు, ఇంకా ఎవరన్న అడుగుతరా అంటే ఆ పిల్ల లేచింది. "మేడం, నల్లా నాలుగ్గంటలకు వస్తది, మా అమ్మ మూడున్నరకు లేస్తది, మళ్ల ఎనిమిదింటికి మిల్లుకు పోతది. ఆ టైం ఎవరు పెట్టిన్రు?"

కార్పొరేటర్ మేడం ఒక్క నిమిషం ఆగి, ఫోన్ తీసి వాల్వ్ తిప్పేటాయనకు అక్కడనే కలిపింది, స్పీకర్ ఆన్ చేసింది. ఆయన చెప్పిండు, ట్యాంక్ ఒక్కటే, లైన్లు మూడు, మూడూ ఒక్కసారి ఇడిస్తే ప్రెషర్ పడిపోయి చివరి ఇండ్లకు చుక్క రాదు, అందుకే ఒకదాని తర్వాత ఒకటి, మీది మొదటి లైన్ అమ్మా అని. పిల్లలందరు తల ఊపిన్రు. ఆ పిల్ల మాత్రం కూసోలేదు. "మరి ఎప్పుడూ మాదే మొదలు ఎందుకు మేడం? మార్చుకుంట ఇయ్యొచ్చు గదా."

రూంల సప్పుడు లేదు. మేడం తన డైరీల రాసుకున్నది. ప్రజాసేవ గురించి నేను బోర్డు మీద రాసే డెఫినిషన్ ఆ రోజు నుంచి రాస్తలేను.

చీటీలు ఏరేటప్పుడు చిన్నది అని దేన్నీ తీసెయ్యకున్రి. తిట్టు ఉంటే తీసెయ్యాలె, ఒకల ఇంటి గుట్టు బయట పడేదుంటే తీసెయ్యాలె, అంతే. భాష కూడా దిద్దకున్రి, ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడనియ్యున్రి, లంబాడ పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు తమ మాటల మొదలుపెట్టి తర్వాత తెలుగుల చెప్పినా ఏం కాదు. మీరు అనాలె, సార్ అన్నా మేడం అన్నా అక్క అన్నా ఫర్వాలేదు, నమస్తే పెట్టి పేరు చెప్పి అడగాలె. గంతే.

ఆ రోజు

ముప్పై మంది కంటే ఎక్కువ వద్దు. క్లాస్‌రూంల బెంచీలు పక్కకు జరిపి గుండ్రంగ కూసోవాలె, వచ్చినాయనకు కూడా పిల్లలకేసిన అదే కుర్చీ, సింహాసనం అసొంటిది తేవొద్దు. మైకు వద్దు. బండి గేటుల కొచ్చేదాక క్లాసు నడవనియ్యాలె, ఎంత ఆలస్యమైనా పిల్లలు ఎండల నిలబడొద్దు. గంట లోపు రాకుంటే ఆ రోజు వార్డు ఆఫీసర్‌నో, ఊడ్చే జవాన్‌నో పిలిచి అవే ప్రశ్నలు అడగాలె, నేను రెండుసార్లు అట్ల చేసిన, ముచ్చట ఏం తక్కువ కాలేదు.

నడిపించేది ఒక పిల్ల, టైం చూసేది ఒక పిలగాడు, రాసేటోళ్లు ఇద్దరు. టీచర్లు వెనక గోడకు కూసోవాలె, నడుమ దూరి సార్‌కు థాంక్స్ చెప్పున్రి అనొద్దు. ఒక ప్రశ్నకు మూడు నిమిషాలు, అడిగిన పిల్లకు ఇంకో ప్రశ్న అడిగే హక్కు ఉండాలె, నల్లా పిల్ల కథ చూసిన్రు గదా, రెండో ప్రశ్నలనే పస ఉంటది.

జవాబు పక్కకు పోతే ఏమనాలె అని పిల్లలకు ముందే నేర్పాలె: "సార్, నేను అడిగింది మోరీ మూత గురించి." నవ్వుకుంట, మెల్లగ. ఎదుటి పార్టీని తిట్టుడు మొదలైతే నడిపించే పిల్ల "సార్, మాకు టైం తక్కువుంది, తర్వాతి ప్రశ్న" అనాలె. పన్నెండేండ్ల పిల్ల అంటే ఎంత పెద్ద నాయకుడైనా ఆగుతడు. తెల్వదు, కనుక్కొని చెప్త అని ఎవరన్న అంటే దాన్ని మంచి జవాబు కిందనే రాసుకోవాలె.

విలేకర్లు వస్తే ముచ్చట అయినంకనే లోపటికి రానియ్యాలె.

తర్వాత నెల రోజులు

అదే రోజు, మర్చిపోకముందు, రాసుకున్నది మూడు భాగాలు చెయ్యాలె. చెప్పినయి, చేస్తమన్నయి, తమ చేతుల లేవన్నయి. మూడు రోజులల్ల పిల్లల చేతిరాతతోని ఉత్తరం పోవాలె, వచ్చినందుకు మనస్ఫూర్తిగ థాంక్స్, కింద "మీరు చేస్తామన్న పనులు" అని తేదీతో సహా. ఎగతాళి లేకుంట, బెదిరింపు లేకుంట. ప్రజాప్రతినిధికి కూడా ఇది పనికొస్తది, ఆఫీసర్ల ముందు పెట్టి పిల్లలడిగిన్రు అని చెప్పొచ్చు, ఒక కార్పొరేటర్ ఆ ఉత్తరం లామినేషన్ చేసి ఆఫీసుల పెట్టుకున్నడు.

ముప్పై రోజులకు రెండో ఉత్తరం. చేసిన పనికి థాంక్స్, చెయ్యనిదానికి ఎందుకు కాలేదో చెప్పున్రి అని. అయినా జవాబు లేకుంటే తల్లిదండ్రులల్ల ఒకలు సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణికి పోయి దరఖాస్తు ఇయ్యొచ్చు. పైసలు ఎన్నొచ్చినయి, ఎక్కడ ఖర్చయినయి అన్న ముచ్చట అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పెద్దోళ్లు అడగొచ్చు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఈ దరఖాస్తులు పిల్లల ముందట రాయాలె, అడుగుడు అంటే లొల్లి చేసుడు కాదు, దానికి ఒక పద్ధతి ఉంటది అని కండ్లతోని చూస్తరు.

వీలైతే ఒక రోజు గీసుగొండ మండలంల గంగదేవిపల్లికి తీస్కపోన్రి, వరంగల్‌కు దగ్గరనే. నీళ్లకు ఒక కమిటీ, శుభ్రానికి ఒక కమిటీ, ఇట్ల ఊరోళ్లే కమిటీలు కట్టుకొని పనులు పంచుకున్న ఊరు, దేశం నలుమూలల నుంచి చూడనికి వస్తరు. సర్పంచ్ ఒక్కడే అన్నీ చెయ్యాలె అనుకునే పిల్లలు అక్కడ వేరే సంగతి చూస్తరు.

ఇంకొకటి, ముచ్చటల ఎవరి పేరు వచ్చినా వాళ్లను కూడా కలవాలె. మేము వాల్వ్ తిప్పేటాయన దగ్గరికి పోయినం. పొద్దుగాల మూడుంబావుకు ఇంట్ల నుంచి ఎల్తడట, చలికాలం ఆ ఇనుప చక్రం పట్టుకుంటే చేతులు కొంకర్లు పోతయి అని అరచేతులు చూపించిండు, కాయలు కాసి ఉన్నయి. నల్లా పిల్ల ఆ చక్రం తిప్పబోతే అది కదలలేదు, ఇంకో ఇద్దరు పిల్లలు పట్టుకుంటే జరంత కదిలింది.

ఇవన్నీ ఒక్కటే నోట్‌బుక్‌ల ఉండాలె. ఏడాది అయినంక కొత్త ఏడో తరగతికి ఆ నోట్‌బుక్ అప్పజెప్పాలె, వాళ్లు మొదలుపెట్టేది పాత పేజీల నుంచి. మా నోట్‌బుక్‌ల నల్లా పేజీ కాడ మొదటి ఉత్తరం తేదీ ఉంది, పక్కన "జవాబు లేదు" అని ఉంది. రెండో ఉత్తరం తేదీ ఉంది. దాని కింద వేరే చేతిరాతల, తర్వాతి ఏడాది పిల్లలు రాసింది: "ఇప్పుడు పదిహేను రోజులకోసారి లైన్లు మారుస్తున్నరు. ఈ వారం మాది మూడోది, ఆరున్నరకు వచ్చింది. మోరీ మూత ఇంకా వేయలేదు, అడగాలె."